దాచిన డబ్బు, గెలిచిన డబ్బు: ఇంట్లో నిలబెట్టుకోవడం ఎలా

జీతం పడగానే ముందు దాచండి, మిగిలిందే ఖర్చు పెట్టండి. నేను పోస్టాఫీసు ఆర్డీనే (నెలనెలా కొంత కట్టే రికరింగ్ డిపాజిట్) నమ్ముతాను. నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టొచ్చు, గడువు 5 ఏళ్లు. ఖాతా 15వ తేదీలోపు తెరిస్తే ప్రతి నెలా 15లోపు కట్టాలి. 16 నుంచి తెరిస్తే నెలాఖరు పనిదినం దాకా టైం ఉంటుంది. మావారికి జీతం ఒకటో తేదీనే వస్తుంది కాబట్టి మొదటి వారంలో తెరిచాను. మీకు జీతం ఆలస్యమైతే 16 దాటాక తెరవండి, టెన్షన్ ఉండదు. 12 వాయిదాలు వరుసగా కడితే ఖాతాలో ఉన్నదాంట్లో సగం వరకు లోన్ ఇస్తారు. పిల్లల ఫీజులప్పుడు అదెంత ధైర్యమో!

మా విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో ధరల బోర్డు చూశాకే సంచీ తెరవండి. మిగిలింది అదే రోజు డబ్బాలో వేయండి. పర్సులో ఉంచితే సాయంత్రం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ దగ్గర అయిపోతుంది.

ఇక లక్కీ డ్రాలోనో టీవీ క్విజ్‌లోనో గెలిస్తే, మొత్తం మనదే అనుకుని అప్పులు చేయకండి. 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్ ఉంటాయి. లక్ష గెలిస్తే 31,200 పోతుంది. మీ ఆదాయం తక్కువైనా స్లాబు (తక్కువ ఆదాయానికి తక్కువ పన్ను) దీనికి వర్తించదు. మీరు పాల్గొనని డ్రాలో గెలిచారని ఎవరైనా ఫోన్ చేసి డబ్బు అడిగితే రూపాయి కూడా పంపకండి. పొరపాటున పంపేస్తే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.