మిస్సింగ్ కొడుతున్న పాత బండి విప్పే ముందు

మొన్న మా వీధిలో ఒక కుర్రాడు రెండు చేతులూ కాల్చుకున్నాడు. పాత వంద సీసీ బండి, వానలు పడ్డప్పటి నుంచి మిస్సింగ్ కొడుతోందట, అంటే ఇంజిన్ మధ్యమధ్యలో మండక ఆగి ఆగి నడుస్తోంది. వరండాలో కూర్చుని, గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్ విప్పి పెట్రోల్‌తో కడిగాడు. కడిగిన పెట్రోల్ గిన్నె పక్కన ఉండగానే, ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఊడదీసి, ఆ రవ్వ, అంటే స్పార్క్, వస్తోందో లేదో చూద్దామని కిక్ కొట్టాడు. నిప్పురవ్వ పడగానే గిన్నె అంటుకుంది. కంగారులో గిన్నెను చేత్తో తోసేసేసరికి మంట చేతుల మీదికి పాకింది.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే. అంతకు ముందువి దాదాపు అన్నీ కార్బురేటర్ బండ్లే కాబట్టి ఇంట్లో విప్పడానికి చెయ్యి ఊరుకోదు. ఆయిల్ చూసుకోవడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. ఒక్కటి మాత్రం పట్టి చెబుతాను. పెట్రోల్ బయట ఉండగా స్పార్క్ చూడొద్దు.

పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీదే పాకుతూ గోడ మూలల్లో నిలుస్తుంది. గిన్నెను రెండడుగులు పక్కకు జరిపినంత మాత్రాన దూరం పెట్టినట్టు కాదు. పైగా ప్లగ్గు తీశాక కిక్ కొడితే సిలిండర్‌లో ఉన్న పెట్రోల్ ఆవిరి ఆ రంధ్రంలోంచే బయటికి చిమ్ముతుంది. ప్లగ్గును ఆ రంధ్రం పక్కనే హెడ్‌కు ఆనించి పట్టుకుంటారు చూడండి, అదీ అసలు ప్రమాదం.

నన్నడిగితే ఇంట్లో స్పార్క్ చూడాల్సిన పనే లేదు. వంద, నూటయాభై పెడితే మీ బండికి సరిపోయే కొత్త ప్లగ్గు వస్తుంది. అది బిగించి నడపండి, మిస్సింగ్ పోతే తప్పు పాత ప్లగ్గుదే. పోకపోతే అప్పుడు ప్లగ్గుకు కరెంటు తెచ్చే క్యాపు, వైరు, కాయిల్ వైపు చూడాలి. ఆ పని మెకానిక్‌కు వదిలేయడమే మేలు.

తీసిన ప్లగ్గును పారేయకుండా వెలుతురులో పట్టుకుని మూతి చూడండి. లేత కాఫీ రంగులో ఉంటే ఇంజిన్‌లో మంట బాగుంది. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, లేదా చోక్ పూర్తిగా వెనక్కి పోకుండా వేసినట్టే ఉండిపోయింది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా బూడిద పట్టినట్టుంటే పెట్రోల్ చాలట్లేదు, లేదా కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు పగిలి గాలి పీలుస్తోంది. ఆ రబ్బరు మీద పెట్రోల్ చల్లి చూస్తారు కొందరు. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చల్లడమంటే నిప్పు పెట్టుకోవడమే.

వానాకాలంలో నాకు ముందు అనుమానం నీళ్ల మీదే. ట్యాంకు మూత రబ్బరు ఎండిపోతే వాన లోపలికి దిగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీల్చుకుంటుంది, నీరు మోతాదు మించితే దాన్ని వెంటబెట్టుకుని అడుక్కి దిగిపోతుంది. కార్బురేటర్ కింది స్క్రూ కాస్త వదులు చేసి, కొంచెం గాజు సీసాలోకి పట్టి నిలకడగా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే జెట్లతో, అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాలతో, మీకు పనిలేదు, ట్యాంకు ఖాళీ చేయాలి. పాత రబ్బరు పైపులు ఈ పెట్రోల్‌కు త్వరగా పాడవుతాయి. వేళ్లతో వంచి చూడండి, పగుళ్లు కనబడితే మార్చేయండి. కారే పైపుతో స్పార్క్ చూడొద్దు, మళ్లీ చెబుతున్నాను.

ఇక ఇవి పాటించండి.

పని ఆరుబయటే. వరండా, సెల్లారు, మెట్ల కింద వద్దు. మూసిన గదిలో ఇంజిన్ నడపొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇంజిన్ చల్లారాకే చెయ్యి పెట్టండి.

ముందు ట్యాంకు కింది పెట్రోల్ కాక్ మూయండి, బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి.

పైపు నోట్లో పెట్టి పెట్రోల్ పీల్చొద్దు. మింగితే వాంతి చేయించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రికే.

జెట్టులో గుండుసూది పెట్టొద్దు. రంధ్రం పెద్దదైతే జెట్టు మార్చేదాకా ఆ మిస్సింగ్ పోదు.

కార్బురేటర్ సెట్టింగ్ స్క్రూలు తిప్పే ముందు ఎన్ని చుట్లున్నాయో రాసుకోండి.

సిగరెట్ వద్దు. అగరుబత్తీ, దీపం దగ్గర్లో వద్దు. పిల్లలు వద్దు.

కడిగిన పెట్రోల్ మురుగు కాల్వలో పోయొద్దు.

పక్కన బకెట్ పొడి ఇసుక పెట్టుకోండి. పెట్రోల్ మంట మీద నీళ్లు కొట్టొద్దు, మంట పరుచుకుంటుంది. మండుతున్న గిన్నె ముట్టుకోవద్దు, జరపొద్దు.

బట్టల మీద పెట్రోల్ పడితే వెంటనే మార్చుకోండి, ఆ తర్వాతే పని.

చెయ్యి కాలితే 20 నిమిషాలు చల్లటి కుళాయి నీటి ధార కింద పెట్టండి. టూత్‌పేస్టు, సిరా, నూనె రాయొద్దు. 108కి ఫోన్ చేయండి.

స్పార్క్ చూడొద్దు. పక్కింటాయన వచ్చి "ఒక్కసారి చూద్దాం" అన్నా సరే, చూడనివ్వొద్దు.

అన్నీ బిగించాక గిన్నె, గుడ్డలు దూరంగా తీసేయండి. కాక్ తెరిచి ఐదు నిమిషాలు ఆగండి. పైపు చివర్లు, కార్బురేటర్ అడుగు వేలితో తడిమి, తడి లేదనుకుంటేనే కిక్ కొట్టండి.