వేలిముద్ర పడని చేతులకు కంటి తాళం: ఫోనులో ఐరిస్ కెమెరాను ఎలా అమర్చుకోవాలి?

సార్వా నాట్లు మొదలైతే గోదావరి డెల్టాలో చాలామంది చేతులు పొద్దస్తమానం నీళ్లలోనే ఉంటాయి. సాయంత్రం ఇంటికి వచ్చి ఫోను తీస్తే, నాని ముడతలు పడిన వేలిని సెన్సరు గుర్తుపట్టదు. భీమవరం వైపు రొయ్యల షెడ్లలో తలలు తీసేవారిదీ, కోనసీమలో కొబ్బరి పీచు పని చేసేవారిదీ ఇదే ఇబ్బంది. వారికి నానడంతో పాటు వేలి మీది రేఖలే అరిగిపోతాయి. ఇటువంటి వారికి కంటినే తాళంచెవిగా మార్చే ఐరిస్ కెమెరా బాగా ఉపయోగపడుతుంది. అయితే వెలుతురూ దూరమూ కుదరకపోతే ఎంత ఖరీదైన ఫోనైనా మొండికేస్తుంది కాబట్టి, అమర్చుకునే రోజున పావుగంట ఓపిక పట్టడం అవసరం.

మొదట మీ ఫోనులో అసలు ఆ కెమెరా ఉందో లేదో చూడండి

ముఖం చూపిస్తే తెరుచుకునే ఫోనులన్నీ కంటిని చదువుతున్నాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కనుపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని ఐరిస్ అంటారు. అందులోని గీతలు, గుంటలు, ముడులు ఒకే మనిషి రెండు కళ్లలో కూడా ఒకే తీరుగా ఉండవు. ఒకే పోలిక గల కవలల కళ్లలో సైతం వేరుగానే ఉంటాయి. మన వంటి ముదురు గోధుమ రంగు కళ్లలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ కాబట్టి మామూలు వెలుతురులో ఆ గీతలు కనిపించవు. మన కంటికి కనిపించని, 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉండే పరారుణ కాంతి పడినప్పుడే అవి తేటగా బయటపడతాయి. అందువల్ల ఐరిస్ ఫోనుకు ముందు భాగంలో సెల్ఫీ కెమెరాతో పాటు ప్రత్యేకమైన పరారుణ కెమెరా, చిన్న పరారుణ దీపం ఉంటాయి. ఈ దీపం వెలుగుతున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది: కంటిని చదివే సమయంలో మరో ఫోను కెమెరాతో దాన్ని చూస్తే, టీవీ రిమోటు కొనలో కనిపించినట్టే ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. కొన్ని కెమెరాలు ఆ కాంతిని వడకట్టేస్తాయి కనుక కనిపించనంత మాత్రాన దీపం పాడైందని అనుకోకండి.

2015లో జపానులో ఫుజిట్సు, అదే ఏడాది లూమియా 950తో మైక్రోసాఫ్ట్, 2016లో నోట్ 7తో శాంసంగ్ ఈ సదుపాయాన్ని ఫోనుల్లోకి తెచ్చాయి. గెలాక్సీ ఎస్8, నోట్ 8, ఎస్9, నోట్ 9 లలో అది కొనసాగింది. 2019 నాటి ఎస్10లో తీసేశారు. అంటే ఇప్పుడు మన చేతికి వచ్చే ఐరిస్ ఫోను చాలావరకు పాతదే అయి ఉంటుంది. దానికి భద్రతా అప్‌డేట్లు రావడం ఆగిపోయి ఉంటే, కంటి తాళం ఎంత బాగా పనిచేసినా సరే, ఆ ఫోనులో బ్యాంకు లావాదేవీలు పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇక ఆధార్ నిర్ధారణకు ట్యాబుకు తగిలించి వాడే ఐరిస్ పరికరం వేరు. అది నమోదైన పరికరమై ఉండాలి, అది మీ సొంత ఫోను తాళం తీయదు.

కంటిని నమోదు చేయడం

ముందుగా గట్టి పిన్ గానీ పాస్‌వర్డ్ గానీ పెట్టండి. ఫోను ఆపి మళ్లీ వెలిగించినప్పుడు అది అడిగేది దీన్నే కాబట్టి పుట్టిన సంవత్సరం, వరుస అంకెలు పనికిరావు. తరువాత సెట్టింగ్స్‌లో బయోమెట్రిక్స్ విభాగంలోకి వెళ్లి ఐరిస్‌ను ఎంచుకోవాలి.

ఇక్కడే చోటు ముఖ్యం. చెరువు గట్టు మీదా, కాలువ ఒడ్డునా ఈ పని పెట్టుకోవద్దు. ఎండలో కూడా పరారుణ కాంతి దండిగా ఉంటుంది; అది నీటి మీద పడి కంటిలో మెరిస్తే ఐరిస్ గీతలు ఆ మెరుపు కింద మరుగుపడతాయి, మనమూ కళ్లు చికిలిస్తాం. వీధి అరుగు కూడా అంత మంచిది కాదు, ఎందుకంటే వీధి వైపు తిరిగితే ఆ వెలుతురు కంటిలో ప్రతిబింబిస్తుంది, వీపు తిప్పితే కెమెరాకు ఎదురెండ తగులుతుంది. ఇంట్లో, కిటికీ పక్కవైపున ఉండేలా కూర్చోండి. కళ్లజోడు, కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి జిడ్డు అద్దం మీద పేరుకుంటుంది కాబట్టి మెత్తటి నూలు గుడ్డతో ఫోను పైభాగాన్ని తుడవండి. స్క్రీన్ గార్డు ఆ కెమెరాను కప్పుతున్నదేమో కూడా చూడండి.

ఫోనును కంటి ఎత్తున, 25 నుంచి 35 సెంటీమీటర్ల దూరంలో, అంటే సుమారు ఒక జానెడు పైన, నిలకడగా పట్టుకుని, తెర మీద కనిపించే రెండు వలయాల్లో కళ్లు ఇమిడేలా సర్దుకుని, రెప్పలు బాగా తెరిచి ఉంచాలి. 20 సెంటీమీటర్ల కంటే దగ్గరకు తేవద్దు, అది కంటి భద్రత కోసం పెట్టిన హద్దు. పెద్దవారికి రెప్పలు వాలి ఉంటే, పక్కనున్నవారు ఫోనును కొద్దిగా పైకి పట్టుకుని పైకి చూడమనడం చాలావరకు సరిపోతుంది.

లోపల జరిగేది ఇది: కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ డాగ్మన్ రూపొందించి, 1994లో పేటెంటు పొందిన పద్ధతిలో ఆ గీతలు 2048 బిట్ల (సున్నాలు, ఒకట్ల) సంకేతంగా మారతాయి. వేర్వేరు కళ్ల సంకేతాల్లో దాదాపు సగం బిట్లు తేడాగా ఉంటాయి. ఒకే కంటివైతే తేడా అంతకంటే చాలా తక్కువ. మొత్తం బిట్లలో మూడోవంతు లోపు ఎక్కడో ఒకచోట హద్దు పెట్టి, తేడా ఆ హద్దుకు లోపల ఉంటే ఫోను తాళం తెరుస్తుంది. ఫోటో మసకగా పడితే మీ కంటికే తేడా పెరుగుతుంది. అందుకే నమోదు సరిగా కుదరలేదనిపిస్తే చెరిపేసి మళ్లీ చేయండి, ఆ రోజు సోమరితనానికి తరువాత రోజూ మూల్యం చెల్లించాలి.

తాళం ఎక్కడ తప్పుతుందో తెలుసుకోండి

2017లో జర్మనీకి చెందిన కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం వారు గెలాక్సీ ఎస్8ను మోసగించి చూపారు. నైట్ మోడ్‌లో తీసిన కంటి ఫోటోను ముద్రించి, దాని మీద ఒక కాంటాక్ట్ లెన్సు పెట్టారు, అంతే. పిన్ పోతే మార్చుకోవచ్చు, కన్ను మార్చుకోలేం. కాబట్టి డబ్బు పంపే యాప్‌లకు విడిగా పిన్ ఉండనివ్వండి.

శుక్లాల ఆపరేషను అయినా, కంటిలో కండ పెరిగి నల్లగుడ్డు మీదికి వచ్చినా పాత నమోదు సరిపోకపోవచ్చు. కన్ను కుదుటపడ్డాక కొత్తగా నమోదు చేయాలి. కంటి పరీక్షకు కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసిన రోజున మాత్రం ఏమీ మార్చకండి, మందు దిగాక అదే సర్దుకుంటుంది.

ఆధార్‌లో పది వేలిముద్రలతో పాటు రెండు కళ్ల ఐరిస్ కూడా ఉంటుంది. దానికి ఫోను తాళంతో సంబంధం లేదు. అక్కడ దుర్వినియోగం జరగకుండా ఆధార్ సంస్థ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. రేషనుకో పింఛనుకో అవసరమైనప్పుడు కొద్దిసేపు తెరిస్తే చాలు. తెరవకుండా వెళ్లి, యంత్రం పాడైందని తగువు పడినవారిని చూశాను. లాక్ ఎలా తీయాలో తెలియకపోతే ఆధార్ సహాయ నంబరు 1947కు ఫోను చేసి అడగండి.

ఫోను అమ్మేటప్పుడో, పిల్లలకు ఇచ్చేటప్పుడో ముందు ఐరిస్ నమోదును తొలగించి, ఖాతాల నుంచి బయటకు వచ్చి, ఆ తరువాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.