సగం ఒర దావ్‌లు: తుప్పు, తెగిన పేము కట్లు, ఊగే పిడి

బర్మాలో కచిన్‌లు, మన అరుణాచల్, అస్సాంలలో సింగ్‌ఫోలు (కచిన్‌లలో ముఖ్యమైన జింగ్‌పోలూ వీళ్ళూ ఒకటే జనం) వాడే దావ్ అనే కత్తి పిడి దగ్గర సన్నగా మొదలై చివరికి వెళ్ళేకొద్దీ వెడల్పవుతుంది, మొన ఉండదు. దాని ఒర కూడా మూసి ఉండదు, ఒకే చెక్కని తొలిచి అందులో కత్తిని పడుకోబెట్టి పైన అడ్డంగా పేము కట్లు వేస్తారు, ఒక పక్క ఇనుము ఎప్పుడూ బయటికి కనిపిస్తూనే ఉంటుంది. తైవాన్ ఆదివాసుల కత్తులకీ ఇలాంటి ఒరలే, పేము కట్ల బదులు లోహపు పట్టీలు ఉంటాయి అంతే. ఇలాంటివి ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకి వచ్చే తిప్పలన్నీ దాదాపు ఆ ఒర దగ్గరే మొదలవుతాయి.

ఒక వైపే తుప్పు పట్టింది

నా మొదటి దావ్‌కి ఇదే జరిగింది. వైజాగ్‌లో గోడకి తగిలించి నెలనెలా కనిపించే వైపు నూనె గుడ్డతో తుడిచేవాణ్ణి, తళతళలాడేది, వానాకాలం అయ్యాక ఓ రోజు బయటికి లాగి చూస్తే రెండోవైపు ఎర్రటి తుప్పు, చెక్క ఎక్కడ ఆనిందో సరిగ్గా అదే ఆకారంలో మచ్చ. చూసి కడుపు తరుక్కుపోయింది. చెక్క గాల్లో తేమని పీల్చుకుని ఇనుముకి అంటిస్తుంది, సముద్రం పక్కన ఉంటే ఉప్పుగాలి తోడు.

ఎర్ర తుప్పు మీద కుట్టుమిషన్ ఆయిల్ రెండు చుక్కలేసి, బాగా సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దండి, నల్లగా పట్టిన పాత పొర మాత్రం ముట్టుకోవద్దు, అది తుప్పుని ఆపుతుంది, కత్తి వయసు కూడా అందులోనే ఉంది. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు, కొన్నాళ్ళకి పాడై ఆ జిడ్డుకి దుమ్ము పడుతుంది. పిడికి ఇత్తడి కట్టు ఉంటే చింతపండుతో తోమొద్దు, పులుపు సందుల్లో మిగిలిపోయి పచ్చగా చిలుమెక్కుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కత్తిని ఒరలో ఉంచకండి, రెండూ పక్కపక్కన పెట్టి సిలికా జెల్ ప్యాకెట్ వేయండి.

పేము కట్టు తెగింది

తెగిన చోటు దగ్గరగా చూడండి. పీచు పీచుగా విరిగి ఉంటే ఎండకి ఆరిపోయి పోయినట్టు, హైదరాబాద్ మే నెలలో ఏసీ గదుల్లో ఇది మామూలే. కోసినట్టు నున్నగా ఉంటే పదునే కోసింది, అంటే మీరు లాగేటప్పుడు కత్తి కట్ల మీదకి ఒరుగుతోంది. లాగేటప్పుడు కత్తి వీపుని, అంటే పదును లేని అంచుని, చెక్కకి ఆనించి లాగాలి. ఒరని పిడికిట్లో బిగించి పట్టుకుంటే మాత్రం కట్టు తర్వాత తెగేది మీ వేళ్ళే, చెక్క వీపుని అరచేతిలో పెట్టుకుని వేళ్ళని పదును దారిలోకి రానివ్వకండి.

తెగిన ముక్క పారేయొద్దు. నూలు దారంతో వదులుగా కట్టి ఉంచండి, రేపు తెలిసినవాళ్ళు బాగుచేసేటప్పుడు విప్పేయొచ్చు, గమ్ పోస్తే ఇక అంతే.

ఒర కింద పిండి రాలుతోంది

పుచ్చు పట్టింది. కత్తిని తీసేసి, ఒకవేళ పిడికీ చిల్లులుంటే వేరే దారి చూడాలి, ఒరని మాత్రం గాలి పోకుండా కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. తీశాక వెంటనే కవర్ విప్పొద్దు, గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే చెమ్మ పడుతుంది.

పిడి ఊగుతోంది

లోపల లక్కలాంటి జిగురు పగిలి ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో పిడి మొదట్లో కొంచెం వెచ్చ చేస్తే చాలాసార్లు మళ్ళీ కరుచుకుంటుంది. ఎపాక్సీ మాత్రం వద్దు, వెనక్కి తీయలేం.

ఒర ఈ కత్తిది కాదేమో అని డౌట్

కత్తిని పెట్టి తీసి ఆ తొలిచిన చోట చూడండి. ఏళ్ళ తరబడి కలిసి ఉన్న జంటైతే చెక్కలో కత్తి నీడ నల్లగా అచ్చుపడి ఉంటుంది, అంచు ఆనిన చోట సన్నటి గాడి కూడా. అది కత్తి ఆకారంతో కలవకపోతే ఒర మారినట్టే. అలాగని మోసమని వెంటనే గొడవ పెట్టుకోవద్దు, ఇనుము బతికినంత కాలం చెక్క బతకదు, ఊళ్ళో వాడుకునేవాళ్ళే ఒర పాడైతే ఇంకోటి చెక్కించుకుంటారు, కొత్త ఒర మీదా వాడిన అరుగుదల కనిపిస్తే నేనైతే ఆనందంగా కొంటాను.