విరాళాల మారథాన్‌కి ముందు టీమ్ చూసుకోవాల్సినవి

- విరాళాలు నేరుగా, ఎవరి కోసం పరిగెడుతున్నామో ఆ సేవా సంస్థ ఖాతాలోకే వెళ్లాలి. టీమ్‌లో ఎవరి సొంత ఖాతాలోనూ డబ్బు ఒక్క రోజు కూడా ఆగకూడదు. రసీదులు ఎవరు పంపాలో ముందే తేల్చుకోండి.

- సంస్థ పేరున్న కొత్త టీషర్టు తొడుక్కుని కనీసం ఒక్క లాంగ్ రన్ చేయండి. 42.195 కిలోమీటర్ల దూరంలో చంక దగ్గరి కుట్టు ఒరుసుకుంటే చర్మం లేచిపోతుంది. ఒరిసే చోట ముందే వాజిలైన్ రాయండి. బూట్లు మాత్రం అలవాటైనవే.

- దాహాన్ని బట్టే నీళ్లు. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

- నొప్పి వస్తుందేమోనని ఐబుప్రొఫెన్ ముందే మింగొద్దు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

- బిబ్ (టీషర్టుకి పెట్టుకునే నంబరు కాగితం) వెనక అత్యవసర ఫోన్ నంబరు, మందుల అలర్జీలు రాసుకోండి.

- ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం మొదలైతే ఆగిపోండి. దాతలకు మాటిచ్చామన్న టెన్షన్‌తో లాగించొద్దు. ఇచ్చిన విరాళం ఎవరూ వెనక్కి అడగరు.