చిన్న మంద పెంపకం – 4వ పాఠం: రెప్ప చూసి మందు పోయడం

పోయిన పాఠంలో దొడ్డి కట్టుకున్నాం. ఈసారి జీవాన్ని చేతుల్లోకి తీసుకుంటాం. కంటి రెప్ప లోపలి రంగు చూసి, దేనికి నట్టల మందు పోయాలో తేల్చుకుంటాం. ఆదివారాలు దేవరకొండ వైపు మా చెల్కకు వచ్చి చేసేవాళ్లకు ఈ పని ఒక పూటలో పట్టుబడుతుంది. ఇంట్లో చదివి నేర్చుకునేవాళ్లకు వారం పడుతుంది, పట్టనివ్వండి. ఐదారు గొర్లో మేకలో ఉంటే చాలు.

ముందు పట్టుకోవడం. ఉన్ని పట్టి గుంజడం, వెనక కాలు దొరకబుచ్చుకుని ఈడ్చడం మన ఊళ్లలో మామూలే. ఉన్ని గుంజితే కింద చర్మం కమిలిపోతుంది. కోసిన రోజు ఆ నల్లమచ్చ మాంసం మీద కనపడుతుంది, దాని ముందు నొప్పి పడింది మాత్రం గొర్రె. కుక్కను కట్టేయండి, కేకలు మానండి, జీవాల్ని దొడ్డి మూలకు మెల్లగా నడిపించండి. ఒక చెయ్యి దవడ కింద, రెండోది తుంటి వెనక పెట్టండి. తల ఆగితే గొర్రె ఆగుతుంది. మోకాలు దాని భుజానికి ఆనించి గోడవారగా నిలబెడితే సరి.

ఇప్పుడు అసలు పని. వెలుతురు బాగా ఉన్నచోట, ఒక బొటనవేలితో పై రెప్పను కంటి మీదకు దించి కొద్దిగా ఒత్తండి. రెండో బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగండి. లోపలి తడి పొర ఒక్కసారి బయటికి పొంగుతుంది. దాని రంగు చూడాలి, కనుగుడ్డును కాదు. రెండు క్షణాల్లో చూసి వదిలేయండి. ఎక్కువసేపు లాగిపట్టుకుంటే రంగు మారిపోతుంది. రెండు కళ్లూ చూసి, ఏది ఎక్కువ పాలిపోతే అదే లెక్కలోకి తీసుకోండి. మన దక్కనీ గొర్రెకు మొహమంతా నలుపే అయినా రెప్ప లోపలి రంగు స్పష్టంగా తెలుస్తుంది. దుమ్ము పడో, కళ్లకలక వచ్చో కన్ను ఎర్రబడి ఉంటే మాత్రం ఆ ఎరుపును నమ్మొద్దు.

ఎందుకు చూస్తున్నామంటే, నట్టల్లో, అంటే పొట్టలోని పురుగుల్లో, ఒక రకం ఉంది, నెత్తురు తాగేది. నెత్తురు తగ్గేకొద్దీ రెప్ప లోపలి ఎరుపు పాలిపోతుంది. యాటను కోసినప్పుడు నాలుగో పొట్ట విప్పి చూడండి, ఎర్ర దారం తెల్ల దారం కలిపి పేనినట్టు సన్నగా కదులుతుంటాయి. ఒక్కోటి రోజుకు తాగేది 0.05 మిల్లీలీటర్లు, అంటే ఒక చుక్క. ఐదు వేలు చేరితే రోజుకు పావు లీటరు. దీనికి పారుడు ఉండదు. పెంట గోలీల్లాగే పడుతుంది కాబట్టి బాగానే ఉందనుకుంటాం. దవడ కింద మెత్తగా నీరు దిగేసరికి ఆలస్యమైపోతుంది.

మా పక్క చెల్కలో ఒక కురుమ పెద్దాయన ఉంటాడు. నేను మొదట్లో ఒక గొర్రె మందకు వెనకబడుతోందని మేత పెంచుతుంటే, దాని కన్ను ఇలాగే విప్పి చూపించాడు. "నెత్తురే లేదు బిడ్డా, మేతేం జేస్తది?" అన్నాడు. రెప్ప లోపల తెల్ల జొన్న గింజలా ఉంది.

దక్షిణాఫ్రికాలో పశువైద్యులు ఈ చూపుకే ఐదు రంగుల కార్డు తయారు చేశారు, పేరు ఫమాచా. మనకు కార్డు దొరక్కపోతే ఇలా గుర్తుపెట్టుకుందాం. దానిమ్మ గింజ ఎరుపు ఒకటి, ఎర్ర జామపండు గుజ్జు మూడు, జొన్న గింజ ఐదు. మధ్యవి రెండు, నాలుగు. ఒకటి, రెండు ఉన్నవాటికి మందు వద్దు. నాలుగు, ఐదు ఉంటే ఆ రోజే పోయాలి. మూడు దగ్గర ఆలోచించాలి. పిల్లలకు, చూడివాటికి, పాలిచ్చేవాటికి పోసేయండి, మిగతావాటిని పది రోజుల తర్వాత మళ్లీ చూడండి.

అన్నింటికీ ఒకేసారి పోసేస్తే పీడా పోతుంది కదా అని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అడుగుతారు. నల్గొండ రైతుకు దీనికి జవాబు చెప్పడం తేలిక. బీటీ పత్తి ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాల సంచి వచ్చేది, గుర్తుందా? బీటీకి లొంగే పురుగులు కొన్ని మిగలాలని దాన్ని చేను చుట్టూ వేయమన్నారు, మనం గట్టు మీద పారేశాం. తర్వాత గులాబీ పురుగు బీటీకి లొంగడం మానేసింది. ఇదీ అంతే. మంద మొత్తానికి మందు పోస్తే, ఆ మందుకు చావని పురుగులే మిగిలి వాటి సంతానమే గడ్డి మీద పరుచుకుంటుంది. మందు తగలని పురుగులు కొన్ని మందలో ఉంటే మొండివి వాటితో కలిసి పలచబడతాయి. పశుసంవర్ధక శాఖ వాళ్లు వచ్చి ఉచితంగా తాగించే మందు సంగతి వేరు, తేదీ మాత్రం రాసుకోండి. నేను చెప్పేది మధ్యలో మనం షాపులో కొని పోసేదాని గురించి.

మోతాదు బరువును బట్టే. చూపుతో 25 కిలోలనుకున్న గొర్రె మా దొడ్డిలో పత్తి తూచే కాటా మీద 32 తూగింది. తక్కువ పోస్తే పురుగు చావదు, మందుకు అలవాటు పడుతుంది. ఆల్బెండజోల్ అనే నట్టల మందును చూడి కట్టిన మొదటి నెలన్నరలో పోయొద్దు, కడుపులో పిల్లకు అవకరం వస్తుంది. ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లన్నది పశువుల డాక్టరును అడిగే తేల్చుకోండి.

పోసేటప్పుడు తల వీపుకు సమంగా ఉండాలి, పైకెత్తకూడదు. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. అక్కడినుంచి గొట్టం దూర్చి నాలుక మీద కొంచెం కొంచెం వదలండి. దగ్గితే వెంటనే తల వదిలేయండి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. రెండేళ్ల కింద తొందరలో ఒక పిల్ల మూతిని ఆకాశానికెత్తి సీసాతో గబగబా పోశాను. మందు ఊపిరితిత్తుల్లోకి పోయింది. మూడో రోజు పొద్దున దొడ్డి మూలన పడి ఉంది. ఆ సీసా ఇప్పుడు వాడను. సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి మెడికల్ షాపులో దొరుకుతుంది, అది చాలు.

ఇంకో మాట. పురుగు పిల్లలు మంచు తడి మీద గడ్డి కొనకు పాకుతాయి. అందుకని వానాకాలంలో మంచు ఆరాకే మేపుకు తోలండి, నేలబారు గడ్డి తగ్గించి సుబాబుల్, అవిశ కొమ్మలు ఎత్తుగా కట్టండి.

ఈ వారం పని ఇది. నోటుబుక్కులో ఒక్కో జీవానికి ఒక పేజీ ఇచ్చి తేదీ, రెప్ప అంకె, బరువు రాయండి. వానలున్నన్నాళ్లూ పదిహేను రోజులకోసారి, ఎండాకాలం నెలకోసారి. ఐదు అంకె వచ్చి లేవలేక పడిపోయినదాన్ని నడిపించి ఆసుపత్రికి తీసుకెళ్లొద్దు, 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల బండి వస్తుంది.

వచ్చే పాఠం ఈత, అంటే జీవం ఈనడం. ఒక టార్చి, టించర్ అయోడిన్ సీసా, ఉతికిన పాత నూలు గుడ్డలు సిద్ధం చేసుకోండి.