సెలవులకు పిల్లల్ని ఊరికి పంపే ముందు

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూస్తారు. మళ్లీ తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. ఈ ఏడు వారాలూ పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లో, పెళ్లిళ్లలో, ఈత నేర్పే చోట, మనం పనికి పోయాక పక్కింట్లో ఉంటారు. ఎండకు మజ్జిగ తాగమంటాం, బావి దగ్గరికి వెళ్లొద్దంటాం, మామిడిచెట్టు ఎక్కొద్దంటాం. ఒంటి మీద ఎవరైనా చెడుగా చెయ్యి వేస్తే ఏం చేయాలన్న ఒక్క విషయం మాత్రం మన నోరు దాటదు. బడిలో పాఠాలు చెప్పిన నాకు ఆ ఒక్క విషయం జూన్‌లో కనిపించేది. ఏప్రిల్ దాకా ముందు బెంచీలో కూర్చున్న పిల్ల గోడవారకు జరిగిపోయేది. ఎండలకు నీరసపడిందనుకుని వదిలేసిన సందర్భాలున్నాయి. తప్పు నాదే.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం వెలువరించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. సగానికి పైగా పిల్లలు, 53 శాతం, ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వాళ్లలో మగపిల్లలు సగానికి కాస్త ఎక్కువే. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో, నమ్మకం, బాధ్యత ఉన్న స్థానంలో ఉన్నవారో. మనమేమో ఇప్పటికీ బూచివాడు ఎత్తుకుపోతాడనే చెబుతున్నాం.

అందుకే మొదటి జాగ్రత్త పిల్లలకు కాదు, మన మర్యాదలకు. చుట్టం రాగానే ‘బాబాయికి ముద్దు పెట్టు’, ‘తాతయ్య ఒళ్లో కూర్చో’ అని తోస్తాం. పిల్ల వెనక్కి తగ్గితే ‘సిగ్గు’ అని నవ్వేస్తాం. ఒళ్లు తనది, వద్దనే హక్కు తనకుందని పాప నేర్చుకునేది అక్కడే, మరిచిపోయేదీ అక్కడే. ‘నమస్కారం పెట్టు చాలు’ అనండి. నొచ్చుకునే బాబాయి నొచ్చుకోనీ.

చెడ్డీ, బనియను కప్పే భాగాలకు ముద్దుపేర్లు కాక అసలు పేర్లు చెప్పండి. పేరు తెలియని చోట ఏం జరిగిందో పిల్లలు చెప్పలేరు. స్నానం చేయించే అమ్మమ్మ, అమ్మ పక్కనుండగా చూసే డాక్టరు తప్ప అక్కడ ఎవరూ ముట్టుకోకూడదని, ఎవరివీ చూడకూడదని, ఫోనులో చూపించినా లేచి వచ్చేయాలని చెప్పండి. వీటన్నిటికంటే నేను ఎక్కువగా నమ్మే సూత్రం ఒకటుంది: ‘అమ్మకు చెప్పకు’ అని ఎవరన్నా, అదే రోజు అమ్మకు చెప్పాలి. చాక్లెట్ ఇచ్చి అన్నా సరే, భయపెట్టి అన్నా సరే. నాలుగేళ్ల పిల్లకూ ఇది అర్థమవుతుంది.

రాత్రి ఫోను చేసినప్పుడు ‘అన్నం తిన్నావా’ దగ్గరే ఆగకండి. ఎవరి పక్కన పడుకున్నావు, ఈరోజు ఏది నచ్చలేదు అని అడగండి. స్పీకరు ఆపమనండి. మీ ఇద్దరికీ మాత్రమే తెలిసిన మాట ఒకటి పెట్టుకోండి. ‘నా నీలం చొక్కా అక్కడే ఉందా?’ అని పిల్లవాడు అడిగితే మర్నాడు పొద్దున్నే మీరు బస్సెక్కాలి, కారణం తర్వాత అడగవచ్చు. ఇంట్లోనే ఉండే చిన్నపిల్లల్ని బయట తాళం వేసి వెళ్లడం భద్రత కాదు. గ్యాసు వాసన వచ్చినా, ఒళ్లు కాలినా వాళ్లు బయటికి రాలేరు. సంరక్షణ చూసుకోవలసినవారు పిల్లల్ని కొట్టి హింసించినా, ఆలనాపాలనా వదిలేసినా 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం నేరం.

ఇన్ని చేసినా ఒకరోజు బిడ్డ వచ్చి చెప్పవచ్చు. ఆ మొదటి నిమిషంలో మన ముఖం చూసే మిగతాది చెప్పాలో మింగాలో వాళ్లు తేల్చుకుంటారు. ‘నువ్వెందుకు వెళ్లావు’ అనే ప్రశ్న గొంతులోనే ఆపండి. ‘చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేమీ లేదు’ అనండి. గుచ్చి గుచ్చి అడగవద్దు. వాళ్లు వాడిన మాటలనే తేదీ వేసి కాగితం మీద రాసుకోండి. ఇప్పుడే జరిగిన విషయమైతే స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. అత్యవసర చికిత్సకు ముందుగా పోలీసు కాగితాలు తెమ్మనకూడదు. ఆవేశంలో ఆ మనిషికి ఫోను చేసి తిట్టకండి, సాక్ష్యం మాయం చేసుకునే వ్యవధి ఇచ్చినట్లవుతుంది.

పిల్లల సహాయవాణి 1098కి రాత్రయినా పగలైనా ఫోను చేయవచ్చు, డబ్బు పడదు. అప్పటికప్పుడు ప్రమాదముంటే 112. స్టేషను అంటే భయపడేవారి కోసం, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కొన్ని కట్టుబాట్లు పెట్టింది. పిల్లల వాంగ్మూలం ఇంట్లోనో వారు కోరిన చోటనో తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్‌ఐ హోదాకు తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషనులో ఉంచకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. పేరు, ఫొటో పత్రికలకు ఎక్కకూడదు. పిల్లల రక్షణ చూసే బాలల సంక్షేమ సమితికి పోలీసులు 24 గంటల్లోగా తెలపాలి. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు ఉండదు. తెలిసి దాచితేనే నేరం, ఆరు నెలల దాకా జైలు.

ఇక పెద్దమనుషులు వస్తారు. ‘రేపు పిల్లకు పెళ్లి కావాలి, పరువు పోతుంది’ అంటారు, డబ్బు ఇప్పిస్తామంటారు. ఇలాంటి కేసులో ఇరువర్గాలూ రాజీ పడ్డాయన్న కారణంతో కేసు కొట్టేయడం చెల్లదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడి మీద వచ్చిన కేసు అది. నా వృత్తివాడే. పంచాయితీ పెడతామన్నవారికి ఈ తీర్పు గుర్తుచేయండి.

పాలవాడి లెక్క, గ్యాసు నంబరు రాసుకునే గోడ క్యాలెండరు మీద 1098 కూడా రాయండి, పిల్లలకు అందే ఎత్తులో. ఊరికి పంపే సంచిలో అదే నంబరున్న చీటీ ఒకటి పెట్టండి. అమ్మమ్మ ‘ఇదేమిటే’ అని అడిగితే ఆవిడకూ విషయం చెప్పండి.