జాతీయత ఒకటి, వంశమూలం మరొకటి: బ్రిటన్, అమెరికా, కెనడా వాసుల మూలాలను విడదీసి చదివే పద్ధతి

బోస్టన్‌లో పుట్టి అక్కడే పెరిగి, అమెరికా పాస్‌పోర్టు తప్ప మరొకటి లేని మనిషి తాను ఐరిష్‌నని చెప్పుకుంటే సాటి అమెరికన్లకు అందులో వింతేమీ కనిపించదు. అదే మనిషి డబ్లిన్‌లో ఆ మాట అంటే ఐర్లాండులో ఏ ఊరని వెంటనే అడుగుతారు. అతడు తన ముత్తాత ఎక్కడ ఓడ ఎక్కాడో చెబుతున్నాడు. వారు అతడు ఎక్కడ పుట్టి పెరిగాడో అడుగుతున్నారు. బ్రిటన్, అమెరికా, కెనడా కుటుంబాల చరిత్ర రాసేవారూ, అక్కడి ప్రముఖుల జీవిత విశేషాలు సేకరించేవారూ, అక్కడి జనాభా లెక్కలు చదివేవారూ తరచుగా పొరబడేది ఈ రెండూ కలిసిపోయే చోటనే. వాటిని విడదీయడం ఎలాగో, విడదీశాక ఏ ఆధారాలతో సరిచూసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మూడు గళ్లు గీసుకోండి

ఎవరి గురించి పరిశీలిస్తున్నారో వారి పేరు కింద ముందుగా మూడు గళ్లు గీసుకోండి. మొదటి గడిలో చట్టం ఇచ్చిన పౌరసత్వం, రెండో గడిలో ఆ మనిషి తనంతట తాను చెప్పుకునే గుర్తింపు, మూడో గడిలో రికార్డులు చూపే వంశమూలం రాయాలి. ఒక గడిలోని ఆధారాన్ని మరో గడికి వాడకూడదు. పాస్‌పోర్టు చూపించి ఒక స్కాట్‌ చేత తాను బ్రిటిష్ అని అనిపించలేము; ఇంటిపేరు చూపించి ఒక కెనడియన్‌ను స్కాట్‌గా మార్చలేము.

పౌరసత్వపు గడి అన్నిటికన్నా తేలిక అనిపిస్తుంది గానీ, అక్కడ కూడా వంశం తొంగిచూస్తూనే ఉంటుంది. 1983 జనవరి 1న అమలులోకి వచ్చిన చట్టం తర్వాత బ్రిటన్‌లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. పుట్టేనాటికి తల్లిదండ్రులలో ఒకరైనా బ్రిటిష్ పౌరులో, అక్కడ స్థిరనివాస హక్కు పొందినవారో అయి ఉండాలి. అమెరికాలో 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ పుట్టిన నేలను ఆధారంగా తీసుకుంది. కెనడా పౌరసత్వం అనేది 1947 జనవరి 1న మొదలైంది. అంతకు ముందు అక్కడివారు చట్టం దృష్టిలో బ్రిటిష్ ప్రజలే కాబట్టి, 1930ల నాటి కెనడా పత్రంలో ఒకరి జాతీయత బ్రిటిష్ అని కనిపించినంత మాత్రాన వారు బ్రిటన్‌లో పుట్టారని అనుకోకూడదు.

ఐర్లాండు ద్వీపంలో పుట్టిన తాతయ్యో, నాయనమ్మో, అమ్మమ్మో ఉన్నవారు విదేశీ జననాల రిజిస్టరులో పేరు నమోదు చేయించుకుని ఐరిష్ పౌరులు కావచ్చు. బ్రిటన్ అలా పౌరసత్వం ఇవ్వదు గానీ, బ్రిటన్‌లో పుట్టిన తాత లేదా అవ్వ ఉన్న కామన్వెల్త్ పౌరులకు వంశమూలం ఆధారంగా ఒక ప్రత్యేక వీసా ఇస్తుంది. కెనడా కామన్వెల్త్‌లో ఉంది, అమెరికా లేదు. గ్లాస్గోలో పుట్టిన ఒకే అమ్మమ్మకు మనుమలైన ఇద్దరిలో టొరంటోవాడికి ఆ వీసాకు అర్హత ఉంటుంది, షికాగోవాడికి ఉండదు. రక్తసంబంధం ఇద్దరికీ సమానమే.

మూడు గళ్లూ ఎంత దూరంగా ఉండగలవో చూడటానికి బరాక్ ఒబామాను మించిన ఉదాహరణ లేదు. ఆయన 1961లో హోనలూలూలో పుట్టిన అమెరికా పౌరుడు. తల్లి శ్వేతజాతీయురాలైనా, తండ్రి కెన్యా దేశస్థుడైనా, 2010 జనాభా లెక్కల ఫారంలో ఆయన నల్లజాతి అన్న గడి ఒక్కదానికే టిక్కు పెట్టారు. 2011 మే నెలలో ఐర్లాండులోని ఆఫలీ కౌంటీకి చెందిన మనీగాల్ గ్రామానికి వెళ్లారు. తల్లి వైపున ఐదు తరాల ముందటి పూర్వీకుడు ఫాల్మత్ కెర్నీ 1850లో ఆ ఊరినుంచే అమెరికాకు వలస వచ్చాడు. ఐదో తరంలో ప్రతి మనిషికీ 32 మంది పూర్వీకులు ఉంటారు గనుక కెర్నీ వారిలో ఒకడు మాత్రమే. ఆ మూడు వాస్తవాలలో ఏ ఒక్కటీ మిగిలిన రెంటిని తప్పు అనిపించదు.

బ్రిటన్‌లో గుర్తింపు గురించి అడిగే తీరు

యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లాండు అనే నాలుగు భాగాలున్నాయి. మొత్తం దేశాన్ని ఇంగ్లండు అనే అలవాటును ముందుగా వదిలించుకోవాలి; వేల్స్ రాజధాని కార్డిఫ్ వ్యక్తిని ఇంగ్లీషువాడు అంటే అతడు నొచ్చుకోవడం ఖాయం. స్కాట్లండు 1707లో ఇంగ్లండుతో కలిసింది, 1801లో ఐర్లాండు చేరింది, 1922లో ఐర్లాండులో ఎక్కువ భాగం విడిపోయింది. ఇంత చరిత్ర ఉన్నచోట రెండు గుర్తింపులు ఒకే మనిషిలో ఉండటం సహజం. అందుకే మీరు స్కాటిషా, బ్రిటిషా అని రెండే దారులు చూపి అడగకూడదు. స్పెయిన్ పండితుడు లూయిస్ మొరేనో పేరుతో ప్రసిద్ధమైన ప్రశ్న ఇందుకు చక్కగా పనికొస్తుంది: స్కాటిష్ మాత్రమేనా, బ్రిటిష్ కన్నా స్కాటిష్ ఎక్కువా, రెండూ సమానమా, స్కాటిష్ కన్నా బ్రిటిష్ ఎక్కువా, బ్రిటిష్ మాత్రమేనా అని అయిదు మెట్లుగా అడగడం. స్కాటిష్ స్థానంలో వెల్ష్ గానీ ఇంగ్లీష్ గానీ పెట్టుకోవచ్చు.

ఉత్తర ఐర్లాండులో మరింత జాగ్రత్త కావాలి. 2021 జనాభా లెక్కల్లో అక్కడ బ్రిటిష్ మాత్రమే అన్నవారు 31.9 శాతం, ఐరిష్ మాత్రమే అన్నవారు 29.1 శాతం, నార్తర్న్ ఐరిష్ మాత్రమే అన్నవారు 19.8 శాతం. 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం అక్కడి ప్రజలకు తమను ఐరిష్‌గానో, బ్రిటిష్‌గానో, రెండుగానో చెప్పుకునే హక్కునూ, రెండు పౌరసత్వాలూ ఉంచుకునే హక్కునూ గుర్తించింది. ఇంటిపేరు చూసో, చదివిన బడి పేరు చూసో ఊహించకుండా, వారు చెప్పినదే రాసుకోండి.

వలస వచ్చిన కుటుంబాల విషయం వేరు. ఇంగ్లండు, వేల్స్ జనాభా లెక్కల్లో జాతీయ గుర్తింపు ప్రశ్న 2011లో మొదటిసారి వచ్చినప్పుడు, శ్వేతజాతీయులు ఇంగ్లీష్ అన్న గడిని ఎక్కువగా ఎంచుకోగా, జాతి మైనారిటీలు బ్రిటిష్ అన్న గడిని ఎక్కువగా ఎంచుకున్నారు. కాబట్టి లండన్‌లో పుట్టిన మనిషి తాను ఇంగ్లీష్ అనకుండా బ్రిటిష్ అని అంటే, దాని వెనుక తల్లిదండ్రుల వలస చరిత్ర ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అది మూడో గడిలో విడిగా తేలాల్సిన సంగతి.

సంఖ్య కన్నా ముందు ప్రశ్న చదవండి

2011లో ఇంగ్లండు, వేల్స్‌లలో ఇంగ్లీష్ మాత్రమే అన్నవారు 57.7 శాతం, బ్రిటిష్ మాత్రమే అన్నవారు 19.1 శాతం. 2021లో ఇంగ్లీష్ మాత్రమే అన్నవారు 14.9 శాతానికి పడిపోయి, బ్రిటిష్ మాత్రమే అన్నవారు 54.8 శాతానికి పెరిగారు. పదేళ్లలో జనం మనసు ఇంతగా మారిపోయిందని పత్రికా వ్యాసం రాసేముందు ఫారం తెరిచి చూడాలి. ఇంగ్లండులో పంచిన ఫారంలో 2011లో మొదటి గడి ఇంగ్లీష్. 2021లో బ్రిటిష్‌ను పైకి తెచ్చి మొదటి గడిగా పెట్టారు. మార్పులో పెద్ద భాగానికి కారణం అదేనని గణాంక శాఖే చెప్పింది. నా దృష్టిలో ఈ అంశం మీద చదవదగిన పాఠాలన్నిటిలో ఇది మొదటిది.

అట్లాంటిక్ అవతల కూడా ఇదే కథ. అమెరికా 1980లో మొదటిసారి పూర్వీకుల మూలం గురించి నేరుగా అడిగింది. ప్రశ్న కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఇంగ్లీష్ ఉంది. సుమారు 5 కోట్ల మంది ఇంగ్లీష్ అని రాశారు. 1990 ఫారంలో ఉదాహరణల నుంచి ఇంగ్లీష్ తప్పుకుని జర్మన్ మొదటికి వచ్చింది, ఇంగ్లీష్ 3.27 కోట్లకు తగ్గి, జర్మన్ 5.8 కోట్లకు చేరింది. 2020లో శ్వేతజాతి గడి పక్కన మూలం రాయడానికి ఖాళీ ఇచ్చినప్పుడు ఇంగ్లీష్ 4.66 కోట్లతో తిరిగి మొదటి స్థానానికి వచ్చింది. కెనడాలో 1996 ఫారంలో కెనడియన్ అన్న మాటను ఉదాహరణల్లో చేర్చగానే జనాభాలో దాదాపు మూడోవంతు తమ మూలం కెనడియన్ అని రాశారు. 2021లో ఫారం మీద ఉదాహరణలే తీసివేస్తే, 2016లో 32.3 శాతంగా ఉన్న ఆ వాటా 15.6 శాతానికి దిగింది.

అమెరికాలో 2000 సంవత్సరంలో 2 కోట్ల మందికి పైగా తమ వంశమూలం అమెరికన్ అని మాత్రమే రాశారు. కెంటకీ, టెనెసీ, వెస్ట్ వర్జీనియా వంటి చోట్ల ఈ సమాధానం బాగా ఎక్కువ. అవి 18వ శతాబ్దంలో ఐర్లాండు ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్ నుంచి, బ్రిటన్ నుంచి వచ్చిన కుటుంబాలు స్థిరపడ్డ ప్రాంతాలు. బ్రిటన్‌నుంచి వచ్చినవారి సంఖ్యను అమెరికా లెక్కలు తక్కువగా చూపుతాయని అనుకోవడానికి ఇది ఒక కారణం.

రికార్డులతో సరిచూడటం

మూడో గడి నింపేటప్పుడు ఎప్పుడూ తెలిసిన మనిషి నుంచి వెనక్కి, ఒక్కొక్క తరంగా వెళ్లాలి. ప్రసిద్ధుడైన పూర్వీకుడి నుంచి ముందుకు రావడం మొదలుపెడితే, కావలసిన చోటికి దారి దానంతట అదే తయారవుతుంది. పుట్టుక, పెళ్లి, మరణాల ప్రభుత్వ నమోదు ఇంగ్లండు, వేల్స్‌లలో 1837 జూలైలో, స్కాట్లండులో 1855లో, ఐర్లాండులో పూర్తి స్థాయిలో 1864లో మొదలైంది. స్కాట్లండు మరణ నమోదులో తల్లిదండ్రులిద్దరి పేర్లూ, తల్లి పుట్టింటి పేరూ ఉంటాయి. ఆ కాలపు ఇంగ్లండు నమోదులో అవి ఉండవు. బ్రిటన్ 1841 జనాభా లెక్కల పుటలో పుట్టిన చోటుకు ఎస్, ఐ, ఎఫ్ అనే ఒక్క అక్షరమే కనిపించవచ్చు. స్కాట్లండు, ఐర్లాండు, విదేశం అని వాటికి అర్థం. ఊరి పేరు కావాలంటే 1851 పుట తెరవాలి.

అమెరికాలోని ఐరిష్ కుటుంబాల విషయంలో కష్టమంతా ఊరి పేరు దగ్గరే. అమెరికా జనాభా లెక్కలు సాధారణంగా ఐర్లాండు అని మాత్రమే రాస్తాయి. ఐర్లాండులో 60 వేలకు పైగా టౌన్‌ల్యాండ్లు, అంటే పల్లెకన్నా చిన్న భూవిభాగాలు ఉన్నాయి కాబట్టి, ఊరు తెలియకుండా అక్కడి రికార్డులు తిరగేయడం వృథా శ్రమ. పౌరసత్వ దరఖాస్తులు, ముఖ్యంగా 1906 తర్వాతివి, కాథలిక్ చర్చి పెళ్లి రిజిస్టర్లు, సమాధి రాళ్లు ముందు అమెరికాలోనే పూర్తిగా వెతికి, ఊరి పేరు దొరికాకనే ఐర్లాండు వైపు తిరగాలి. 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని ప్రభుత్వ రికార్డుల భవనం దగ్ధమై 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణనల పుటలు చాలావరకు పోయాయి; 1861 నుంచి 1891 వరకు జరిగినవాటి పుటలను ప్రభుత్వమే అంతకు ముందే నాశనం చేసింది. 1901, 1911 పుటలు మాత్రం మిగిలాయి. అంతకు ముందటి కాలానికి 1847 నుంచి 1864 వరకు సాగిన గ్రిఫిత్ భూమి మదింపులో ఇల్లు, పొలం అనుభవించినవారి పేర్లు దొరుకుతాయి. న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండు అధికారులు తమ ఇంటిపేరు మార్చేశారని చాలా కుటుంబాలు చెప్పుకుంటాయి గానీ, అధికారులు చూసిన జాబితాలు ఓడ బయలుదేరిన రేవులోనే తయారయ్యేవి. పేర్లు సాధారణంగా ఆ కుటుంబాలే తర్వాత మార్చుకున్నాయి.

ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల రికార్డులు 1870 దగ్గర గోడకు తగిలినట్లు ఆగిపోతాయి. బానిసత్వం నుంచి విముక్తులైనవారిని పేర్లతో నమోదు చేసిన మొదటి జనగణన అదే. 1860 నాటి బానిసల పట్టికలో యజమాని పేరు ఉంటుంది. దాని కింద మనుషులు వయసు, ఆడ మగ, రంగు అన్న వరుసలుగా మాత్రమే కనిపిస్తారు, పేరు ఉండదు. 1870లో 45 ఏళ్లున్న మనిషిని అదే కౌంటీలో 1860 పట్టికలోని 35 ఏళ్ల వరుసలతో పోల్చడం మొదటి అడుగు మాత్రమే. ఇంటిపేరు ఆఖరి యజమానిదే అయి ఉంటుందని అనుకోకూడదు. విముక్తులైనవారి కోసం 1865 నుంచి 1874 వరకు నడిచిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాదారుల పుస్తకాల్లో కొన్నిచోట్ల తల్లిదండ్రుల, తోబుట్టువుల పేర్లు, పుట్టిన చోటు కూడా దొరుకుతాయి. నా మట్టుకు ఈ శాఖలో అంతకన్నా విలువైన పుస్తకాలు లేవు.

స్థానిక జాతుల మూలం గురించి కుటుంబ కథలు అమెరికా అంతటా వినిపిస్తాయి, ముఖ్యంగా చెరొకీ ముత్తవ్వ గురించి. ఇక్కడ వంశమూలం, సభ్యత్వం వేర్వేరు. ఎవరు తమవారో నిర్ణయించే అధికారం ఆ జాతులదేనని 1978లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. చెరొకీ నేషన్ డాస్ రోల్స్‌లో, అంటే 1900 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వం తయారుచేసిన సభ్యుల జాబితాల్లో, పేరున్న పూర్వీకుడి నేరు సంతతిని అడుగుతుంది; నవాహో నేషన్ కనీసం నాలుగోవంతు నవాహో రక్తం ఉండాలంటుంది. కెనడాలో స్థానిక, యూరోపియన్ మూలాలు కలిసిన మేతీ ప్రజల హక్కుల కోసం 2003లో అక్కడి సుప్రీంకోర్టు స్వయంగా చెప్పుకోవడం, వంశ సంబంధం, సమాజం అంగీకరించడం అనే మూడు షరతులు పెట్టింది. అమెరికా సెనేటర్ ఎలిజబెత్ వారెన్ తనకు స్థానిక జాతి మూలం ఉందని చూపడానికి 2018లో డి.ఎన్.ఏ. పరీక్ష ఫలితాన్ని బయటపెట్టినప్పుడు, అటువంటి పరీక్ష సభ్యత్వాన్ని నిర్ణయించడానికి పనికిరాదని చెరొకీ నేషన్ స్పష్టం చేసింది.

ఏ ప్రాంతపు మూలం ఎంతో చెప్పే ఆ పరీక్షల శాతాలను వేరెక్కడైనా అంతే జాగ్రత్తగా చదవాలి. ప్రతి తరంలోనూ తల్లిదండ్రుల జన్యువుల్లో సగమే బిడ్డకు వస్తాయి, ఆ సగం ఏదన్నది బిడ్డ బిడ్డకూ మారుతుంది. అందుకే సొంత అన్నదమ్ములకు స్కాట్లండు శాతం వేర్వేరుగా రావచ్చు. ఆ శాతం కంపెనీ ఎంచుకున్న నేటి జనాల నమూనాలతో పోల్చి వేసిన అంచనా, కంపెనీ నమూనాలు మార్చినప్పుడల్లా అదీ మారుతుంది. ఇంగ్లండు, స్కాట్లండు వంటి పక్కపక్క ప్రాంతాలను వేరుచేయడం అసలే కష్టం. పరీక్షలో నిజంగా పనికొచ్చేది డి.ఎన్.ఏ. కలిసిన బంధువుల జాబితా: దూరపు వరుస వారితో కాగితాల ఆధారాలు కలిస్తే, తెగిపోయిన తరం దొరకవచ్చు.

చివరికి రాసుకునే వాక్యంలో మూడు గళ్లూ విడివిడిగా కనిపించాలి. స్కాటిష్ అమెరికన్ అని ఒక్క మాటలో తేల్చకుండా, అమెరికా పౌరుడు, తనను అమెరికన్ అనే చెప్పుకుంటాడు, ఎనిమిది మంది ముత్తాత ముత్తవ్వలలో ఇద్దరు అబర్డీన్‌షైర్‌లో పుట్టినట్లు 1855 తర్వాతి నమోదులు చూపుతున్నాయి, మిగిలిన ఆరుగురిలో నలుగురి పుట్టిన చోటు ఇంకా దొరకలేదు అని రాయండి. దొరకని నలుగురి పేర్ల పక్కన గడిని ఖాళీగానే వదిలేయండి.